రొమ్మునొప్పియు, ప్రక్కటెముకల కీళ్లును: రైతులు తెలిసికొనవలసిన సంగతులు

పొలము పనులు ముమ్మరముగా సాగు దినములలో కాలునొప్పియో నడుమునొప్పియో వచ్చిన రైతు భయపడడు. ఒక పూట విశ్రమించి, నూనె మర్దించుకొని, మరునాడు మరల మడిలో దిగును. రొమ్మున నొప్పి వచ్చినపుడు మాత్రము ఇంటిల్లిపాదియు కలవరపడుదురు. కొందరు అది గుండెపోటేయని నిశ్చయించుకొని పట్టణమునకు పరుగెత్తి, గుండెకు లోపము లేదని వైద్యులు చెప్పిన పిమ్మట గూడ నమ్మక, ఒకరి తరువాత నొకరిని సంప్రదించుచు పంట సొమ్మంతయు వెచ్చింతురు. మరికొందరు "ఇది వాయువు, రెండు మిరియములు నమిలిన పోవును" అని ఊరకుందురు. మొదటివారు ధనమును, మనశ్శాంతిని పోగొట్టుకొందురు. రెండవవారిలో కొందరు ప్రాణమునే పోగొట్టుకొందురు.

ఈ రెండు నష్టములును తప్పవలెనన్న, రొమ్మునొప్పి యెన్ని విధములుగ పుట్టునో, అందు ప్రక్కటెముకల కీళ్ల వాపు వలన కలుగునది యెట్టిదో రైతు సోదరులు, సోదరీమణులు తెలిసికొనుట యవసరము. బరువులు మోయువారికి, ఎడతెగక దగ్గువారికి ఈ వ్యాధి వచ్చుట వింత గాదు. దీని వలన ప్రాణభయము లేదు. కాని ఇది గుండెనొప్పిని పోలియుండుట చేత దీనిని గూర్చిన జ్ఞానము మిక్కిలి ప్రయోజనకరము.

రొమ్ముగూటి నిర్మాణము

మనుష్యుని రొమ్ము వెదురు బద్దలతో అల్లిన గంప వంటిది. వెనుక వెన్నెముక, ముందు రొమ్మెముక, ఈ రెంటిని చుట్టి ప్రక్కకు పండ్రెండు చొప్పున ప్రక్కటెముకలును గలవు. గుండె, ఊపిరితిత్తులు ఈ గంపలో భద్రముగ నుండును. ప్రక్కటెముకలు రొమ్మెముకను నేరుగ తాకవు. ఎముక కొసకును రొమ్మెముకకును నడుమ మెత్తని ఎముక, అనగా మృదులాస్థి, యుండును. మన చెవి దొప్పను వంచి చూచిన నట్టి పదార్థ మెట్లుండునో తెలియును. అది వంగును గాని విరుగదు. పై యేడు జతలు తమ తమ మృదులాస్థులతో రొమ్మెముకను చేరును. ఎనిమిది, తొమ్మిది, పదవ జతలు తమకు పైనున్న మృదులాస్థిని అంటుకొనును. కడపటి రెండు జతలు ముందువైపున దేనిని చేరక విడిగా నుండును.

గాలి పీల్చునపు డెల్ల ఈ గంప విచ్చుకొనును, విడుచునపుడు ముడుచుకొనును. నిమిషమునకు 15 మారులు ఊపిరి తీయుదుమని లెక్కించినచో దినమునకు 21,600 మారులు ఈ కీళ్లు కదలుచున్నవన్న మాట. కాలు బెణికిన మంచముపై చాపి యుంచవచ్చును. చేయి నొచ్చిన మెడకు కట్టి వ్రేలవేయవచ్చును. ఊపిరిని ఆపుట యెవ్వరి తరము గాదు గనుక ఈ కీళ్లకు పూర్తి విశ్రాంతి యెన్నడును దొరకదు. అదియును గాక మృదులాస్థిలో రక్తనాళములు లేవు. కావున దానికి దెబ్బ తగిలినను, ఒరిపిడి కలిగినను బాగగుట మెల్లమెల్లగ జరుగును. ఈ నొప్పి వారముల తరబడి యుండుటకు కొంతవరకు కారణ మిదియే.

ప్రక్కటెముక మృదులాస్థిని చేరుచోట గాని, మృదులాస్థి రొమ్మెముకను చేరుచోట గాని కలుగు ఈ బాధను వైద్యులు కాస్టోకాండ్రైటిస్ అందురు. లాటిను భాషలో కోస్టా యనగా ప్రక్కటెముక, గ్రీకున కాండ్రోస్ అనగా మృదులాస్థి. కడపటి భాగము తాపమును, వాపును తెలుపును. పేరు పెద్దదే గాని వ్యాధి చిన్నదే.

ఏల వచ్చును?

చాలమందిలో ఇదమిత్థమని కారణము తేలదు. తేలినచోట ఎక్కువగ కనబడునవి యివి: అలవాటు లేని బరువు నొక్కమారుగ ఎత్తుట, చేతులతో పదేపదే లాగుట, నెట్టుట, మెలి త్రిప్పుట, రొమ్మునకు దెబ్బ తగులుట, దీర్ఘకాలపు దగ్గు. వేసవియంతయు తీరికగ నుండి, తొలకరి పడగానే యెరువు బస్తాలు దింపుకొనుట, గొడ్డలి పట్టి రోజంతయు మొద్దులు చీల్చుట, మందు నీటితో నిండిన చల్లు యంత్రమును వీపున నెత్తుకొని గట్టు వెంబడి నడచుట, ఎండిన ధాన్యమును బస్తాలకెత్తి లారీలో పేర్చుట - ఇట్టి పనులన్నియు రొమ్ముగూటిపై పడును. ఇది యే వయస్సువారికైనను రావచ్చును. నలువది యేండ్లు దాటినవారిలోను, పురుషుల కంటె స్త్రీలలోను తరచుగ కనబడును.

దీని లక్షణములు

నొప్పి రొమ్మెముక ప్రక్కనే, ఎక్కువగ రెండవ ప్రక్కటెముక మొదలు అయిదవ దాని వరకు గల కీళ్లలో పుట్టును. కుడి వైపుకంటె ఎడమ వైపున నెక్కువగ వచ్చుట చేతనే జనులు గుండెయని బెదరుదురు. ఒక కీలు మాత్రమే గాక రెండు మూడు కీళ్లు నొచ్చుట సాధారణము. మెడ క్రిందుగ రొమ్మెముకపై వ్రేలు జార్చిన మూడు నాలుగు వ్రేళ్ల దిగువన నొక చిన్న అడ్డగట్టు తగులును. ఆ గట్టునకు ప్రక్కగ చేరునదే రెండవ ప్రక్కటెముక. అచటి నుండి క్రిందికి లెక్కించుకొనవచ్చును.

ఈ నొప్పి సూదితో పొడిచినట్లుగ గాని, లోపల సలిపినట్లుగ గాని యుండును. గట్టిగ ఊపిరి పీల్చినను, దగ్గినను, తుమ్మినను, ప్రక్కకు తిరిగి పండుకొనినను, చేయి పైకెత్తినను హెచ్చును. కదలక నెమ్మదిగ ఊపిరి తీయుచు నున్న తగ్గును. నొచ్చుచోట వ్రేలితో నొక్కిన, తాను అనుభవించుచున్న నొప్పియే మరల కలిగి "ఇదే, ఇచటనే" యని రోగి చెప్పగలడు. పైకి వాపు గాని, ఎరుపు గాని, జ్వరము గాని ఉండదు.

కొందరికి కీలుపై వాపు కనబడును. సాధారణముగ అది రెండవదో మూడవదో యైన ప్రక్కటెముక యొద్ద ఒక్కచోటనే వచ్చును. దీనిని టీట్జ వ్యాధి యందురు. జర్మను శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ టీట్జ 1921లో దీనిని వర్ణించుట చేత ఆ పేరు గలిగినది. ఇది యరుదు, నలువది యేండ్ల లోపువారి కెక్కువ. వాపు కనబడినపుడు వేరు కారణము లేదని నిశ్చయించుకొనుటకు వైద్యునకు చూపుట మంచిది.

గుండెపోటును గుర్తించుట

ఇంతవరకు చదివి, నొక్కిన నొచ్చుచున్నది గనుక గుండెకు భయము లేదని యెవ్వరును స్వయముగ తీర్పు చెప్పుకొనరాదు. ఈ వ్యాసములో ముఖ్యమైన మాట యిదియే. నొక్కిన నొచ్చుట గుండెపోటు కాదనుటకు అనుకూలమైన గురుతే గాని సాక్ష్యపత్రము గాదు. ప్రక్కటెముకల నొప్పి గలవానికే గుండెపోటును రావచ్చును.

గుండెపోటు నొప్పి సాధారణముగ రొమ్ము నడుమ బండ పెట్టినట్లు, పట్టకారుతో బిగించినట్లు, మంట పెట్టినట్లు ఉండును. వ్రేలితో చూపుటకు వీలులేక రోగి అరచేతిని రొమ్మంతట నానించి చూపును. అది ఎడమ చేతికి గాని, రెండు చేతులకు గాని, మెడకు, దవడకు, వీపునకు గాని ప్రాకవచ్చును. చల్లని చెమటలు, ఆయాసము, వాంతి, కండ్లు తిరుగుట దానికి తోడగును. నడచినపుడు, బరువు మోసినపుడు వచ్చి, నిలిచినంతనే తగ్గు నొప్పియు గుండెకు రక్తము చాలుట లేదనుటకు సూచనయే. మధుమేహము గలవారిలోను, వృద్ధులలోను, స్త్రీలలోను నొప్పి స్పష్టముగ లేక ఆయాసము, నీరసము, కడుపు పైభాగమున బాధ మాత్రమే కలుగవచ్చును. ఇట్టి వారిలో "వాయువు" అను మాట యెందరినో మోసగించినది.

ఈ లక్షణములలో ఏది కనబడినను పని మానివేసి కూర్చుండవలెను. వెంటనే 108 కు ఫోను చేయవలెను. మోటారు సైకిలుపై ఇద్దరి నడుమ కూర్చుండబెట్టి తీసికొనిపోరాదు; రోగి తానే వాహనము నడుపరాదు; మేడ మెట్లెక్కరాదు. ఆస్పిరిన్ పడనివారు, రక్తస్రావము గలవారు గానిచో, ఫోనులోని వైద్య సిబ్బంది సలహాపై 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మ్రింగుట మేలుచేయును. గుండె రక్తనాళమును మూసిన గడ్డను కరిగించు మందులు గలవు. మొదటి గంటలలో నిచ్చిన కొలదియు గుండె కండరము దక్కును. ప్రొద్దున చూతమని ఆగినచో ఆ యవకాశము చేజారును.

రొమ్మునొప్పికి ఇతర కారణములును గలవు. జ్వరము, దగ్గు, కఫముతో గూడిన నొప్పి ఊపిరితిత్తుల వాపు కావచ్చును. దగ్గు రెండు వారములు మించినను, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట యున్నను క్షయ పరీక్ష చేయించుకొనవలెను. ఈ పరీక్షయు, చికిత్సయు ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితము. ఒక ప్రక్క పట్టీవలె మంట పుట్టి కొలది దినములకు నీటిపొక్కులు లేచిన అది సర్పి. ఒక కాలు వాచి, హఠాత్తుగ ఆయాసము, రొమ్మునొప్పి కలిగిన గడ్డకట్టిన రక్తము ఊపిరితిత్తులకు చేరినదేమో యని అనుమానించి ఆలస్యము చేయక పోవలెను. చెట్టుపై నుండి పడినను, పశువు కుమ్మినను ప్రక్కటెముక విరిగియుండవచ్చును.

వైద్యుడేమి చేయును?

మొదటిమారు రొమ్మునొప్పి వచ్చినవారు, విశేషించి ముప్పదియైదేండ్లు దాటినవారు, వైద్యునకు చూపి ఇ.సి.జి. తీయించుకొనుట యుక్తము. మొదటి ఇ.సి.జి. సరిగనున్నను అనుమానము మిగిలినచో మరల తీయుదురు. ట్రోపోనిన్ అను రక్తపరీక్షయు చేయుదురు. దగ్గు, జ్వరము ఉన్నచో ఎక్స్-రే తీయుదురు.

ప్రక్కటెముకల కీళ్ల వాపును చూపు ప్రత్యేక పరీక్ష యేదియు లేదు. మృదులాస్థి సాధారణమైన ఎక్స్-రేలో స్పష్టముగ కనబడదు. వైద్యుడు చేతితో నొక్కి చూచి, తక్కిన కారణములను త్రోసిపుచ్చి, ఈ నిర్ణయమునకు వచ్చును. కావున "పరీక్షలన్నియు బాగుగ నున్నవి" అనగా "నీ నొప్పి అబద్ధము" అని యర్థము గాదు. నొప్పి నిజమే, అది గుండెది గాదని మాత్రమే యర్థము. ఈ సంగతి రోగికిని, ఇంటివారికిని బోధపడినచో మరల మరల ఖరీదైన పరీక్షలకు పోవు పని తప్పును, పనిదొంగ యను నింద తప్పును.

చికిత్స

గుండెది గాదని తేలిన తరువాత చికిత్స సులభము. ఓపిక యొక్కటే కష్టము.

మొదటిది, నొప్పిని పుట్టించు పనిని మానుట. మంచము పట్ట నక్కరలేదు. నడువవచ్చును, చేను చూచి రావచ్చును, చేతి పనులు చేసికొనవచ్చును. బస్తా లెత్తుట, చల్లు యంత్రము మోయుట, గొడ్డలి పని కొన్ని వారములు ఇతరులకు అప్పగింపవలెను.

రెండవది, కాపడము. వేడినీటిలో ముంచి పిండిన గుడ్డను గాని, ఇసుక మూటను గాని, ఉప్పు మూటను గాని చర్మము ఓర్చునంత వేడిమితో 15 మొదలు 20 నిమిషములు, దినమునకు రెండు మూడు మారులు పెట్టవచ్చును. ముందుగ తన ముంజేతిపై వేడిమిని చూచుకొనవలెను. కొందరికి చల్లదనమే హాయి నిచ్చును. అట్టివారు మంచుగడ్డను గుడ్డలో చుట్టి పెట్టుకొనవచ్చును; నేరుగ చర్మముపై పెట్టరాదు.

మూడవది, మందు. పారాసిటమాల్ చాలమందికి చాలును. పెద్దవారు 24 గంటలలో 4 గ్రాములకు, అనగా 500 మిల్లీగ్రాముల బిళ్లలు ఎనిమిదింటికి, ఎట్టి పరిస్థితిలోను మించరాదు. కాలేయ వ్యాధి గలవారు, మద్యపానము చేయువారు, బక్కపలుచనివారు అంతకంటె తక్కువగ, వైద్యుని సలహాపై వాడవలెను. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ మొదలగునవి వాపును తగ్గించును గాని వానితో జాగ్రత్త యవసరము. అవి కడుపులో పుండ్లు పుట్టించవచ్చును, రక్తపోటును హెచ్చించవచ్చును, మూత్రపిండములకు, గుండెకు కీడు చేయవచ్చును. గర్భిణులు, ఉబ్బసము గలవారు, గుండె జబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారు, రక్తమును పలుచన చేయు మందులు వాడువారు వైద్యుని యడుగక వానిని ముట్టరాదు. ఎండలో చెమటోడ్చి నీరు చాలని శరీరమున ఈ మందులు మూత్రపిండములకు మరింత హాని చేయును. శ్రీకాకుళము జిల్లా ఉద్దానము ప్రాంతమున స్పష్టముగ కారణము తేలని మూత్రపిండముల వ్యాధి యెన్ని కుటుంబములను కుంగదీసినదో మన రైతులు విని యున్నారు. అట్టి చోట్ల నొప్పి బిళ్లలను చిల్లర కొట్టున కొని వాడుట యెంతమాత్రము తగదు. డైక్లోఫినాక్ కలిసిన పైపూత మందు కడుపున కంతగ హాని చేయదు గనుక దానిని గూర్చి వైద్యుని అడుగవచ్చును.

నాలుగవది, సాగదీయు వ్యాయామము. తీవ్రమైన నొప్పి తగ్గిన తరువాత గుమ్మము నడుమ నిలిచి, ముంజేతులను రెండు ద్వారబంధములకు ఆనించి, ఒక అడుగు ముందుకు వేసి రొమ్మును మెల్లగ ముందుకు చాపవలెను. కొన్ని క్షణములు నిలిపి వెనుకకు రావలెను. ఇట్లు మూడు నాలుగు మారులు, నొప్పి హెచ్చనంతవరకే చేయవలెను. దగ్గు వచ్చినపుడు దిండును రొమ్మునకు హత్తుకొనిన బాధ తగ్గును. దగ్గునకు మూలమేమో కనుగొని దానికి చికిత్స చేయించుకొనవలెను. చుట్ట, బీడీ, సిగరెట్టు మానినచో దగ్గునకు, గుండెకు గూడ మేలు.

మొండి నొప్పికి అనుభవజ్ఞుడగు వైద్యుడు కీలు యొద్ద మందు సూది వేయుట గలదు. అది యరుదుగ మాత్రమే అవసరమగును.

పెక్కుమందికి కొన్ని వారములలో, కొందరికి కొన్ని నెలలలో నొప్పి తగ్గును. ఒక సంవత్సరమునకు మించి యుండుట తక్కువ. మరల వచ్చుట గూడ కలదు. దీని వలన గుండెకు గాని, ఊపిరితిత్తులకు గాని చెరుపు లేదు.

చేయరాని పనులు

కాల్చిన కడ్డీతో వాతలు పెట్టుట వలన నొప్పి పోదు. పుండు పడును, అందు చీము చేరును. మోకాలితోను, మడమతోను రొమ్మును త్రొక్కించుకొనుట వలన వాచిన కీలు మరింత వాచును. ముదిరిన వయస్సువారికి ఎముకయే విరుగవచ్చును. తేలికగ నూనె రాచుకొనుటలో దోషము లేదు. రొమ్మును గుడ్డతో గట్టిగ బిగించి కట్టరాదు. ఊపిరి పూర్తిగ ఆడక ఊపిరితిత్తులలో కఫము నిలుచును. పేరు తెలియని పొడులు, పొట్లముల బిళ్లలు, చీటీ లేని సూది మందులు వలదు. అట్టివానిలో స్టెరాయిడ్ కలిసియున్నచో తాత్కాలికముగ హాయి కలుగును గాని ఎముకలు గుల్లయగుట, మధుమేహము హెచ్చుట మొదలగు కీడులు వెంట వచ్చును.

రాకుండ చేసికొనుట, అందు సంఘము చేయదగినది

1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక పురుషుడు చేతులతో ఎత్తి మోయు బరువు 55 కిలోగ్రాములకు మించరాదని సిఫార్సు చేసినది. మన కోస్తా జిల్లాలలో ధాన్యపు బస్తా 75 కిలోగ్రాములని లెక్కించుట వాడుక. యూరియా బస్తాను 2018 నుండి 45 కిలోగ్రాములకు తగ్గించిరి. ఆ యొక్క బస్తా బరువు తగ్గగలిగినపుడు తక్కినవి యేల తగ్గరాదు? ధాన్యమును కొలతలో తేడా రాకుండ చిన్న బస్తాలలో నింపుకొనుట మన చేతిలోని పని.

బరువు నెత్తునపుడు మోకాళ్లు వంచి, బస్తాను ఒంటికి దగ్గరగ పట్టి, నడుము మెలిపెట్టక ఎత్తవలెను. పెద్ద బస్తాను ఇద్దరు పట్టవలెను. చల్లు యంత్రము పట్టీలు రెండును సమముగ నుండవలెను. అలవాటు లేనివారు సగము నీటితో మొదలిడవలెను. చాలనాళ్ల తీరిక తరువాత తొలి దినమున సగము పని, పిమ్మట క్రమముగ నిండు పని చేయుట మేలు.

ఇది యొక్కొక్క రైతు వేరుగ చేసికొనలేని చోట సంఘము చేయగలదు. గిడ్డంగి యొద్ద లారీ యెత్తునకు సరిపడు అరుగు కట్టించిన బస్తాను భుజమునకెత్తు పని తగ్గును. రెండు మూడు త్రోపుడు బండ్లు కొని యుంచిన సభ్యులందరికి ఉపయోగపడును. ఎరువులు దింపు దినములలో మనుషులను వంతులుగ నియమింపవచ్చును. 108 సంఖ్యను, రేయింబగళ్లు ఇ.సి.జి. తీయు సమీప వైద్యశాల పేరును, దారిని పెద్ద అక్షరములతో వ్రాసి సంఘ కార్యాలయపు గోడపై నంటించుట కాణీ ఖర్చు లేని పని. రాత్రివేళ రొమ్మునొప్పి వచ్చిన యింట ఎవరి నడుగుదుమా యని వెదకుటలో గడచు సమయము దాని వలన మిగులును.

సంఘ సభ్యులు ఈ సంగతులను తమ యింటి స్త్రీలకు, వృద్ధులకు, పాలేర్లకు, కూలివారికి చదివి వినిపింప ప్రార్థన. వ్రేలితో చూపగల నొప్పికి భయపడి యిల్లు గుల్ల చేసికొన నక్కరలేదు. అయినను వైద్యుడు చూచి చెప్పువరకు ఏ రొమ్మునొప్పిని గాని చులకన చేయరాదు.